మన వేడుకలకు మన కెమెరా: వెలుతురు లెక్క మొదటి నుంచి

గత ఏడాది ఉగాదికి మా సంఘం తరఫున ఒక పెద్దాయనకు సన్మానం చేశాం. నలభై ఏళ్ళ పాటు ప్రతి ఆదివారం పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించిన మనిషి. ఖర్చు కలిసొస్తుందని ఫొటోగ్రాఫరును పిలవలేదు. కెమెరా నేనే పట్టుకున్నాను. వేదిక వెనుక తెల్లటి బ్యానరు, దాని మీద పెద్ద లైట్లు. ముప్పైకి పైగా ఫొటోలు తీశాను. అన్నింటిలోనూ బ్యానరు మీది అక్షరాలు చక్కగా చదవొచ్చు. దాని ముందు నిలబడ్డవాళ్ళ మొహాలు మాత్రం మసి పూసినట్టు ఉన్నాయి. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. పటం కట్టించుకోవడానికి మంచి ఫొటో ఉందా అని వాళ్ళ అబ్బాయి వచ్చి అడిగితే ఇవ్వడానికి నా దగ్గర లేకపోయింది. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించుకున్నారు.

కెమెరాలో లోపం లేదు. ఒక్క చక్రం నాలుగు గీతలు తిప్పి ఉంటే ఆ మొహం వచ్చేది. ఆ చక్రం ఏమిటో నాకు అప్పుడు తెలియదు. తర్వాత నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మన ఇళ్ళలో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. తాతగారి ఉత్తరం చదవలేని మనవడు తాతగారి ఫొటో చూడగలడు. అందుకే మన వేడుకలను, మన పెద్దలను సరిగ్గా ఫొటో తీసుకోవడం సంఘం పనుల్లో ఒకటి అనుకుంటున్నాను. ఈ వ్యాసాన్ని పెద్దవాళ్ళు చదివి వినిపిస్తుంటే పిల్లలు కెమెరా పట్టుకుని చేసి చూడవచ్చు.

ఎక్స్‌పోజర్ అంటే ఏమిటి?

ఫొటో తీయడమంటే కెమెరా లోపలికి సరిపడా వెలుతురును రానివ్వడం. ఎక్కువ వస్తే ఫొటో తెల్లగా పాలిపోతుంది, తక్కువ వస్తే నల్లబడుతుంది. ఎంత వెలుతురు పడింది అన్న లెక్కకే ఎక్స్‌పోజర్ అని పేరు.

కుళాయి కింద బిందె పెట్టామనుకోండి. బిందె నిండడం రెండింటి మీద ఆధారపడుతుంది. కుళాయి ఎంత తిప్పాం, ఎంతసేపు తిప్పి ఉంచాం. బాగా తిప్పితే కాసేపట్లో నిండుతుంది, సన్నగా వదిలితే చాలాసేపు పడుతుంది. కెమెరాలో కుళాయి తిప్పడం లాంటిది ఎపర్చర్. ఎంతసేపు అన్నది షట్టర్ స్పీడు. ఈ రెండూ చాలనప్పుడు ఆదుకునేది ఐఎస్ఓ. ఈ మూడే మొత్తం విషయం. మిగతావన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

ఎపర్చర్: లెన్స్ ఎంత తెరుచుకుంది?

లెన్స్ లోపల రేకులతో చేసిన గుండ్రటి రంధ్రం ఉంటుంది. అది చిన్నదీ అవుతుంది, పెద్దదీ అవుతుంది. దాని కొలతను ఎఫ్ అంకెలతో చెబుతారు. వరుస ఇలా ఉంటుంది: ఎఫ్ 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22.

కొత్తవాళ్ళు తికమక పడేది ఇక్కడే. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఎందుకంటే ఈ అంకె ఒక భాగహారం. లెన్స్ పొడవును, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఎఫ్ 2 అంటే రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్ 4 అంటే పన్నెండున్నర మిల్లీమీటర్లు. పై వరుసలో ఒక్కో మెట్టు దిగితే లోపలికి వచ్చే వెలుతురు సగం అవుతుంది. ఎఫ్ 4 దగ్గర వచ్చే వెలుతురులో సగమే ఎఫ్ 5.6 దగ్గర వస్తుంది.

ఎపర్చర్ ఇంకో పని కూడా చేస్తుంది. రంధ్రం పెద్దదిగా ఉంటే మనం ఫోకస్ చేసిన చోటు మాత్రమే స్పష్టంగా ఉండి, ముందూ వెనకా మసకబారుతుంది. రంధ్రం చిన్నదైతే ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా వస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి మీటరు దూరం నుంచి బామ్మగారి మొహం తీస్తే కళ్ళు స్పష్టంగా ఉంటాయి, చెవులు అప్పటికే మసకగా ఉంటాయి. ఒక్క మనిషికి అది అందం. దంపతులకు సన్మానం చేసేటప్పుడు ఆయన ఒక అడుగు వెనక ఉంటే మాత్రం ఆయన మొహం మసకైపోతుంది. ఇద్దరు ముగ్గురుంటే ఎఫ్ 4 లేదా 5.6, మూడు వరుసల గ్రూపు ఫొటోకు ఎఫ్ 8 అని గుర్తు పెట్టుకుంటే చాలు.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్ మీద 3.5-5.6 అని రాసి ఉంటుంది. వెడల్పుగా చూసేటప్పుడు ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది, దగ్గరకు లాగితే 5.6 దాటి తెరుచుకోదు అని దాని అర్థం. చీకటిగా ఉన్న హాల్లో దగ్గరకు లాగే కొద్దీ ఫొటోలు చెడిపోవడానికి ఇదొక కారణం. అలాంటి చోట నాలుగడుగులు ముందుకు నడవడం మేలు.

షట్టర్ స్పీడు: ఎంతసేపు తెరిచి ఉంది?

షట్టర్ అనేది లోపలి తెర. బటన్ నొక్కగానే తెరుచుకుని మూసుకుంటుంది. ఆ సమయాన్ని సెకనులో భాగాలుగా చెబుతారు: 1/30, 1/60, 1/125, 1/250, 1/500, 1/1000. కెమెరా తెర మీద చాలాసార్లు 125 అని మాత్రమే కనిపిస్తుంది. అది సెకనులో 125వ వంతు అని తెలుసుకోవాలి. ఒక్కో మెట్టుకు సమయం సగం, అందువల్ల వెలుతురూ సగం.

తెర తెరిచి ఉన్నంతసేపూ కదిలినదంతా చెరిగినట్టు పడుతుంది. ఈ కదలిక రెండు రకాలు.

మొదటిది మన చేయి వణకడం. దీనికి ఒక పాత సూత్రం ఉంది. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో, షట్టర్ స్పీడు కింది అంకె దానికి తగ్గకూడదు. 50 మిల్లీమీటర్లకు కనీసం 1/60, 200 మిల్లీమీటర్లకు కనీసం 1/200. మన ఇళ్ళలో ఉండే చిన్న సెన్సార్ కెమెరాలకు ఇంకో సగం కలుపుకుని 200 మిల్లీమీటర్లకు 1/300 అనుకోవడం మంచిది. నా వయసు వాళ్ళు ఇంకొంచెం పైనే ఉంచుకుంటే నష్టం లేదు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కితే చాలా తేడా కనిపిస్తుంది.

రెండోది ఎదుటి మనిషి కదలడం. దీనికి లెన్స్‌లోని వణుకు తగ్గించే యంత్రం పనికిరాదు. అది మన చేతి వణుకునే ఆపుతుంది, పిల్లవాడి పరుగును ఆపదు. కదలకుండా కూర్చున్న వారికి 1/60, మైకు ముందు మాట్లాడే వారికి 1/125, కోలాటానికి 1/250, గెంతే పిల్లలకు, డప్పు ముందు ఆడేవాళ్ళకు 1/500 ఉండాలి.

ఐఎస్ఓ: ఉన్న వెలుతురును పెంచి చూపడం

ఫిల్మ్ రోజుల్లో డబ్బా మీద 100, 200, 400 అని ఉండేది గుర్తుందా? ఆ అంకే ఇప్పుడు కెమెరాలో ఒక బటన్ అయింది. 100, 200, 400, 800, 1600, 3200, 6400 అని పెరుగుతుంది. ఒక్కో మెట్టుకు ఫొటో రెండింతలు వెలుగవుతుంది.

ఐఎస్ఓ పెంచితే లోపలికి కొత్త వెలుతురేమీ రాదు. మైకులో గొంతు పెంచినట్టు, పడిన కొద్దిపాటి వెలుతురునే పెంచి చూపిస్తుంది. మైకు పెంచితే గొంతుతో పాటు గరగర కూడా పెరిగినట్టే, ఇక్కడ ఫొటో మీద సన్నని ఇసుక చల్లినట్టు రవ్వలు కనిపిస్తాయి. ఎండలో 100, నీడలో 400, హాల్లో 1600, రాత్రి 3200 అని మొదలుపెట్టవచ్చు.

రవ్వలకు భయపడి ఐఎస్ఓ పెంచకపోవడం పెద్ద పొరపాటు. రవ్వలున్న ఫొటోలో మనిషిని గుర్తు పట్టవచ్చు, పటం కట్టించుకోవచ్చు. చెరిగిపోయిన మొహాన్ని ఎవరూ బాగుచేయలేరు.

మూడింటి మధ్య జమాఖర్చు

ఒక మెట్టు మార్పును స్టాప్ అంటారు. మూడింటికీ ఒకే కొలత కావడం వల్ల ఒకచోట తగ్గించింది ఇంకోచోట కలుపుకోవచ్చు. పద్దుల పుస్తకంలో రెండు వైపులా సరిపోయినట్టు ఇక్కడా సరిపోవాలి.

ఉదాహరణకు ఎఫ్ 8, 1/125, ఐఎస్ఓ 100 దగ్గర ఫొటో సరిగ్గా వచ్చిందనుకోండి. పిల్లలు పరుగెత్తుతున్నారు, 1/250 కావాలి. ఒక స్టాప్ వెలుతురు పోయింది. దాన్ని ఎఫ్ 5.6 చేసి తెచ్చుకోవచ్చు, లేదా ఐఎస్ఓ 200 చేసి తెచ్చుకోవచ్చు. మూడు పద్ధతుల్లోనూ ఫొటో వెలుగు ఒక్కటే. మొదటి మార్పులో వెనక భాగం కొంచెం మసకవుతుంది, రెండోదానిలో కొద్దిగా రవ్వ పెరుగుతుంది. మనకు ఏది ఫరవాలేదో అది ఎంచుకోవాలి.

మీటరు లేని రోజుల నుంచీ వస్తున్న ఒక సూత్రం కూడా ఉంది. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ ఎంతో షట్టర్ కింది అంకె అంతే పెట్టాలి. ఐఎస్ఓ 100 అయితే 1/100 లేదా దగ్గరి 1/125. పల్చటి మబ్బుకు ఎఫ్ 11, మబ్బుకు ఎఫ్ 8, దట్టమైన మబ్బుకు ఎఫ్ 5.6, ఎండ పడే రోజున ఆరుబయట నీడలో ఎఫ్ 4. కెమెరా చూపే అంకెలు దీనికి బొత్తిగా దూరంగా ఉంటే ఎక్కడో పొరపాటు ఉందని అర్థం.

మీటరు ఎందుకు మోసపోతుంది?

కెమెరాలోని మీటరు వెలుతురును కొలుస్తుంది గాని, ఎదురుగా ఉన్నది ఏమిటో దానికి తెలియదు. లోకంలో ప్రతిదీ సగటున ఒక మధ్యరకం బూడిద రంగు అన్నది దాని లెక్క. పచ్చిక, ఇటుక గోడ, చామనఛాయ మొహం ఉన్నప్పుడు ఈ లెక్క సరిపోతుంది. తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు నిండిన వరుసను చూపిస్తే అది ఇంత వెలుతురు ఎక్కువని తగ్గిస్తుంది. పంచెలు మాసినట్టు, మొహాలు నల్లగా వస్తాయి. చీకటి వేదిక మీద ఒక్క అమ్మాయి నాట్యం చేస్తుంటే చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది. ఆ అమ్మాయి మొహం తెల్లటి మచ్చలా పాలిపోతుంది.

నా సన్మానం ఫొటోల్లో జరిగింది ఇదే. లైట్లు పడిన తెల్ల బ్యానరును చూసి కెమెరా వెలుతురు తగ్గించుకుంది. మొహాలు చీకట్లో పడ్డాయి.

దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న బటనో చక్రమో ఉంటుంది. మొదట్లో నాకు తెలియనిది అదే. గుర్తు పెట్టుకోవలసింది ఇంతే:

- వెనక తెల్ల బ్యానరు, కిటికీ, ఆకాశం, నీళ్ళు ఉండి ముందు మనిషి ఉంటే ప్లస్ 1 నుంచి ప్లస్ 2.
- తెల్ల బట్టల వాళ్ళే ఫొటో నిండా ఉంటే ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1.
- చీకటి వేదిక మీద వెలుతురులో ఒక్కరు ఉంటే మైనస్ 1.
- నల్ల పట్టుచీర, నల్ల కోటు ఫొటో నిండా ఉంటే మైనస్ 0.7.

బ్యానరు పాలిపోతే పోనీయండి. బ్యానరు మీద ఏముందో అందరికీ తెలుసు, ఫొటో తీస్తున్నది మనిషిని.

తీసిన వెంటనే తెర మీద హిస్టోగ్రామ్ అనే గీతల బొమ్మ చూడటం అలవాటు చేసుకోండి. ఎడమ వైపు చీకటి, కుడి వైపు వెలుగు. మొత్తం గుట్ట ఎడమ గోడకు ఆనుకుంటే ఫొటో చీకటిది. కుడి గోడకు ఆనుకుంటే పాలిపోయింది. ఎండలో కెమెరా తెర చూసి ఫొటో వెలుగు తేల్చలేం, హిస్టోగ్రామ్ మాత్రం అబద్ధం చెప్పదు.

చక్రం ఏ గుర్తు మీద పెట్టాలి?

పి అంటే ఎపర్చర్, షట్టర్ రెండూ కెమెరాయే చూసుకుంటుంది. నికాన్, సోనీ కెమెరాల్లో ఏ, కెనాన్‌లో ఏవీ అని ఉన్నచోట ఎపర్చర్ మనం పెడతాం, షట్టర్ అది పెడుతుంది. నికాన్, సోనీల్లో ఎస్, కెనాన్‌లో టీవీ అని ఉన్నచోట షట్టర్ మనది, ఎపర్చర్ దానిది. ఎమ్ అంటే రెండూ మనవే.

కొత్తవాళ్ళు నేరుగా ఎమ్ మీద మొదలుపెట్టనక్కరలేదు. మనుషులను, గ్రూపులను తీసేటప్పుడు ఎపర్చర్ మనం పెట్టే పద్ధతి, ఆటపాటలకు షట్టర్ మనం పెట్టే పద్ధతి చాలు. వేదిక మీద లైట్లు మారకుండా ఉంటే మాత్రం ఎమ్ మంచిది. ఒకసారి మొహం చూసి సరిచేసుకుంటే తెల్లచొక్కా వచ్చినా నల్లకోటు వచ్చినా ఫొటో మారదు.

సందర్భాన్ని బట్టి మొదలుపెట్టే అంకెలు

ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. ఒకటి తీసి చూసి సరిచేసుకోవాలి.

- నిండు ఎండలో ఊరేగింపు: ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 1/400 నుంచి 1/500.
- శ్రావణ మాసపు మబ్బులో, సోలాపూర్ మార్కండేయ రథోత్సవం లాంటి చోట: ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6 నుంచి 8, 1/500.
- పగటిపూట పందిట్లో, తిరువయ్యారు ఆరాధనలో కూర్చుని పాడేవాళ్ళు: ఐఎస్ఓ 800, ఎఫ్ 5.6, 1/250. పందిరి అంచున ఎండ కనిపిస్తుంటే ప్లస్ 1.
- యానాంలో గోదావరి గట్టున సాయంత్రం: వెనక నీళ్ళు మెరుస్తుంటే ప్లస్ 1, లేదా మనిషిని సూర్యుడి వైపు కొంచెం తిప్పి నిలబెట్టడం.
- బరంపురం ఠాకురాణి యాత్ర లాంటి రాత్రి వీధి ఉత్సవం: ఐఎస్ఓ 3200, ఎఫ్ 4, 1/125 నుంచి 1/250.
- లైట్లు బాగా ఉన్న వేదిక: ఐఎస్ఓ 1600, ఎఫ్ 4, 1/125. లెన్స్ 5.6 దాటి తెరుచుకోకపోతే ఐఎస్ఓ 3200.
- రాత్రి ఇంట్లో ట్యూబులైటు కింద పేరంటం: ఐఎస్ఓ 3200, ఎఫ్ 4, 1/60.
- దీపాల వెలుగులో మొహం: ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే ఐఎస్ఓ 1600, 1/60. లేకపోతే ఐఎస్ఓ 3200, ఎఫ్ 4, 1/30. కెమెరాను బల్లకో స్తంభానికో ఆనించాలి.

ఫ్లాష్, ఎల్ఈడీ లైట్లు

కెమెరా మీది చిన్న ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకు మించి సరిగ్గా అందదు. దూరం రెండింతలైతే అందే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. రెండు మీటర్ల దగ్గర ముందు వరుస తెల్లగా, నాలుగు మీటర్ల దగ్గర వెనక వరుస చీకటిగా రావడానికి కారణం ఇదే. హాల్లో చివరి వరుస నుంచి ఫ్లాష్ వేస్తే ముందు కుర్చీల్లో వాళ్ళ తలలు వెలుగుతాయి గాని వేదికకు ఏమీ చేరదు. విడిగా పెట్టే ఫ్లాష్ ఉంటే తెల్లటి పైకప్పు వైపు తిప్పి కొట్టండి, వెలుతురు మెత్తగా దిగుతుంది. గర్భగుడిలో ఫ్లాష్ మాట అటుంచి, ఫొటోకే అనుమతి ఉందో లేదో ముందు అడగాలి.

కొన్ని ఎల్ఈడీ, ట్యూబులైట్ల కింద ఫొటోలో అడ్డంగా చీకటి పట్టీలు వస్తాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కావడం వల్ల ఆ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ స్పీడు 1/100 లేదా 1/50 పెడితే చాలావరకు పట్టీలు పోతాయి. వేదిక వెనక ఎల్ఈడీ తెర ఉంటే దాని లెక్క వేరు. గీతలు పోయేదాకా షట్టర్ ఒక్కో మెట్టు తగ్గించి చూడాలి.

కెమెరా లేదు, ఫోనే ఉంది

చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు, షట్టర్, ఐఎస్ఓ అదే చూసుకుంటుంది. అయినా మీటరు మోసపోవడం దానికీ తప్పదు. మొహం మీద వేలితో తాకండి. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది. ఇది ఫోనులో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. మొహం మీద వేలు కాసేపు ఉంచితే చాలా ఫోన్లలో ఆ లెక్క అక్కడే తాళం పడుతుంది. వేలితో లాగి దగ్గరకు తెచ్చుకోవడం కన్నా దగ్గరకు నడవడం మేలు. ముందుగా లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రల వల్ల కూడా ఫొటోలు మసకగా వస్తాయి.

పాత ఫొటోలు, దస్తావేజులు, శాసనాలు

ప్రతి ఇంట్లో వలస వచ్చిన తరం ఫొటో ఒకటో రెండో ఉంటుంది. తెలుగులో రాసిన భూమి కాగితం, పెళ్ళి శుభలేఖ, జాతకం ఉంటాయి. చెదలు తినకముందే వాటిని ఫొటో తీసి ఉంచుకోవాలి.

కాగితాన్ని కిటికీ పక్కన బల్ల మీద, నేరుగా ఎండ పడని చోట పరచండి. కెమెరా దానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, వంపుగా కాదు. ట్రైపాడ్ ఉంటే మంచిది, లేకపోతే పుస్తకాల దొంతర. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 పెట్టి, షట్టర్ ఎంత వస్తే అంత రానివ్వండి. రెండు సెకన్ల టైమరు పెడితే వేలి కదలిక కూడా ఉండదు. కాగితం తెల్లటిది కనుక ప్లస్ 0.7. ఫ్లాష్ వద్దు.

అద్దాల ఫ్రేములో ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగవద్దు. లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతోనే తీయండి. అద్దంలో మన నీడ, కిటికీ కనిపించకుండా కెమెరా వెనక నల్ల గుడ్డ పట్టుకోమనండి.

కోలారు వైపు గుళ్ళలో, తమిళనాడులో నాయకరాజుల కాలపు గుళ్ళలో తెలుగు శాసనాలు ఉన్నాయి. వాటికి నడినెత్తి ఎండ పనికిరాదు. పొద్దుటో సాయంత్రమో వెలుతురు పక్క నుంచి పడినప్పుడు అక్షరాల గుంటల్లో నీడ నిలిచి చదవడానికి వీలవుతుంది. లోపల చీకటిగా ఉంటే టార్చిని పక్క నుంచి పట్టుకుంటే అదే పని జరుగుతుంది. రాయి మీద సుద్దగాని పసుపుగాని పూయవద్దు.

ఒక వారం అభ్యాసం

ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి ఫొటోకు మూడు అంకెలూ రాసుకోండి. రాసుకుంటే గుర్తుంటుంది.

మొదటి రోజు మూడు చెంబులను అడుగు దూరంలో ఒకదాని వెనక ఒకటి పెట్టండి. మొదటిదాని మీద ఫోకస్ చేసి, లెన్స్ తెరుచుకోగలిగినంత తెరిచి ఒకటి, ఎఫ్ 8 దగ్గర ఒకటి, ఎఫ్ 16 దగ్గర ఒకటి తీసి వెనక చెంబులు చూడండి. రెండో రోజు తిరుగుతున్న ఫ్యానును 1/30, 1/125, 1/1000 దగ్గర తీయండి. మూడో రోజు ఉయ్యాల ఊగే పిల్లను ఏ స్పీడు దగ్గర ఆపగలరో చూడండి. నాలుగో రోజు సాయంత్రం ఒకే గదిని ఐఎస్ఓ 200 నుంచి 6400 దాకా తీసి మీకు ఎక్కడిదాకా ఫరవాలేదో తేల్చుకోండి.

అయిదో రోజు తెల్ల తువ్వాలును ఫొటో నిండా వచ్చేలా తీయండి, తర్వాత నల్ల గొడుగును అలాగే తీయండి. రెండూ బూడిద రంగులోనే వస్తాయి. మీటరు మోసం కళ్ళారా తెలుస్తుంది. ప్లస్, మైనస్ తిప్పి తెల్లదాన్ని తెల్లగా, నల్లదాన్ని నల్లగా తెప్పించండి. ఆరో రోజు ఇంట్లో పెద్దవారిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి ఒకటి, ప్లస్ 1.7 తో ఒకటి, కిటికీ వైపు మొహం తిప్పి ఒకటి తీయండి. మూడోది అన్నింటికన్నా బాగుంటుంది. ఏడో రోజు అంకెలన్నీ పక్కన పెట్టి ఆ ఫొటోలు వాళ్ళకు చూపించండి.

వేడుకకు బయలుదేరే ముందు

బ్యాటరీ నిండుగా ఉందా, కార్డు ఖాళీగా ఉందా చూసుకోవాలి. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా చూడాలి. పదేళ్ళ తర్వాత ఫొటో ఎప్పటిదో చెప్పేది అదే. కిందటిసారి వాడిన ఐఎస్ఓ, ప్లస్ మైనస్ మళ్ళీ మొదటికి తెచ్చారా చూడాలి. రాత్రి పెట్టిన ఐఎస్ఓ 3200 పొద్దున్న ఎండలో అలాగే ఉండిపోతే, ఎఫ్ 5.6 దగ్గర 1/25000 దాకా షట్టర్ కావాలి. చాలా కెమెరాలు 1/4000 దగ్గరే ఆగిపోతాయి. ఫొటోలన్నీ తెల్ల కాగితాలవుతాయి.

సన్మానం మొదలు కాకముందే ఎవరినైనా ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫొటో తీసి మొహం చూసుకోండి. ఈ ఒక్క నిమిషం పని నేను చేసి ఉంటే ఈ వ్యాసం రాయవలసి వచ్చేది కాదు.

ఆఖరుగా, ఫొటో తీయడంతో పని అయిపోదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది రాసి ఉంచాలి. కంప్యూటరులో అయితే ఫైలు పేరులో రాయండి. అచ్చు వేయించిన ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి, బాల్ పెన్నుతో వద్దు, ముందు వైపు నొక్కు పడుతుంది. తెలుగులో రాయండి. చదవలేని పిల్లలు అడుగుతారు. అప్పుడు చదివి చెప్పండి.